పాత మైకు: మరమ్మతా, మార్పా, మార్పిడా?

స్టూడియో మైకుకు ఇంత అని ఆయుష్షు ఉండదు. 1950లలో బెర్లిన్‌లోనో వియన్నాలోనో తయారైన మైకులు ఇప్పటికీ రికార్డింగు గదుల్లో రోజువారీ పని చేస్తున్నాయి. 20 ఏళ్లు నిండని మైకు ఒక్కోసారి ఉన్నట్టుండి మూగబోతుంది. పాత మైకు చిటపటలాడటమో, పలికే గొంతు పేలవంగా వినిపించడమో మొదలైతే యజమాని ముందు మూడు దారులుంటాయి. ఒకటి మరమ్మతు. అంటే చెడిన భాగం తీసి అలాంటిదే వేసి, తయారైననాటి స్థితికి తీసుకురావడం. రెండోది మార్పు, స్టూడియోవాళ్ల మాటలో ‘మోడ్’. అంటే తయారీదారు ఉద్దేశించని గుణం ఏదో దానికి తెప్పించడం. మూడోది ఆ మైకును పక్కనపెట్టి వేరేది కొనుక్కోవడం.

ఈ మూడింట్లో మొదటి రెండింటినీ కలగాపులగం చేయడం వల్లే ఎక్కువ మైకులు పాడయ్యాయి. రిపేరుకని వెళ్లిన మైకు, చేతిలో ఎలాగూ విప్పి ఉంది కదా అని, ‘కాస్త మెరుగు’ కూడా పెట్టించుకుని తిరిగొస్తుంది. ఆరు నెలల తర్వాత పాత గొంతే బాగుండేదనిపించినా, తీసేసిన భాగాలు అప్పటికే చెత్తబుట్టలోకి పోయి ఉంటాయి.

లోపల ముసలితనం ఎక్కడెక్కడ

కండెన్సర్ మైకులో చెవికి కర్ణభేరి లాంటిది ఒక పలచటి ప్లాస్టిక్ పొర. దాని మీద అతి సన్నటి బంగారు పూత. పొర వెనక, వెంట్రుక మందాన్ని మించని ఎడంలో, సన్నటి చిల్లులున్న లోహపు పలక. ఈ పొరా పలకా కలిస్తే క్యాప్సూల్. రెండింటి మధ్య కొన్ని పదుల వోల్టుల విద్యుత్తు నిలవ ఉంటుంది. గొంతు తగిలి పొర కదిలినప్పుడల్లా ఎడం మారి, ఆ విద్యుత్తు సన్నగా ఊగుతుంది. ఆ ఊగు మరీ బలహీనం. పొడవాటి కేబుల్ గుండా నేరుగా పంపితే ఏమీ మిగలదు. అందుకే క్యాప్సూల్‌కు ఆనుకుని ఒక వాల్వు గాని, ఎఫ్ఈటీ అనే ట్రాన్సిస్టర్ గాని ఉండి దాన్ని అందుకుంటుంది. ఆ తర్వాత ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని కేబుల్‌లోకి పంపుతుంది.

వీటన్నిటికీ వయసు ఒకే వేగంతో మీద పడదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ కదపకపోతే తరాలు నిలుస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు మాత్రం 20, 30 ఏళ్లలో లోపలి ద్రవం ఎండిపోయి చతికిలబడతాయి. కార్బన్ రెసిస్టర్లు విలువ తప్పి, వాటంతట అవే బుస్సుమనే శబ్దం పుట్టిస్తాయి. వాల్వు మైకులకు విడిగా ఉండే పవర్ సప్లై పెట్టెలో సెలీనియం రెక్టిఫయర్ ఉంటే అది నీరసించి, రావలసిన వోల్టేజీ రాకుండా పోతుంది. కనెక్టర్ల పిన్నులు నల్లబడతాయి. పొర మీద మురికి పేరుకుంటుంది. పొర దేనితో చేశారన్నదాన్ని బట్టి అదే బిగుసుకుపోవచ్చు కూడా.

డైనమిక్ మైకు కథ సులువు. అందులో ప్రధానంగా ఉండేవి పొర, దానికి అంటించిన తీగచుట్ట, ఒక అయస్కాంతం, అంతే. రిబ్బన్ మైకు ఇంకో జాతి, దాని సంగతి తర్వాత.

ముందు తప్పెవరిదో తేలాలి

మైకు మీద పడే నిందల్లో చాలావాటికి కారణం అది కాదు. గుయ్యిమనే హమ్ వస్తే ముందు అనుమానించాల్సింది కేబుల్‌ను, ఎర్తింగ్‌ను, పవర్ సప్లైని. వాల్వు మైకు కేబుల్‌లో ఆరేడు తీగలు ఉంటాయి. వాటిలో ఒకటి సగం తెగి, వంచినప్పుడు తగిలీ తగలకుండా ఉంటే మైకే పోయిందని అనిపిస్తుంది. మరో కేబుల్, మరో ప్రీఆంప్, మరో గది అన్న మూడు పరీక్షలు పూర్తయ్యేదాకా స్క్రూడ్రైవర్ తీయకపోవడం మంచిది.

ఆ తర్వాత వచ్చే అనుమానం తేమ. కండెన్సర్ మైకు తలభాగంలో వాడే రెసిస్టర్లు వందల మెగాఓముల నుంచి ఒక గిగాఓం దాకా, అంటే వంద కోట్ల ఓముల దాకా ఉంటాయి. అంతటి నిరోధం పక్కన ఒక్క తడిపొర చాలు, విద్యుత్తు అడ్డదారిన జారిపోవడానికి. అలా జారిన ప్రతిసారీ చెవిలో ఒక చిటుకు. నూనెలో ఆవాలు వేసినట్టుండే ఆ చప్పుడును సముద్రతీరపు ఊళ్లలోని సౌండ్ ఇంజనీర్లు వినగానే గుర్తుపడతారు. తెలుగు సినిమా పాటలు దశాబ్దాలపాటు రికార్డయింది మద్రాసులో, అంటే ఉప్పుగాలిలో. అక్కడ ఏసీ గదిలోంచి మైకును బయటికి తెస్తే చాలు, చల్లటి లోహం మీద నీటి ఆవిరి పట్టేస్తుంది. దక్కన్ పీఠభూమి మీది హైదరాబాద్‌లో ఈ బెడద తక్కువే గానీ వానాకాలంలో అక్కడా తప్పదు.

దీనికి చికిత్స చవక. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికాజెల్ సంచులు వేసి, మైకును రెండు రోజులు ఉంచాలి. చిటపటలు ఆగిపోతే రోగం తేమే. ఎండబెట్టాక బాగుండి, వాడటం మొదలెట్టిన కాసేపటికే మళ్లీ మొదలైతే మాత్రం పొర మీద మురికి పేరుకుపోయి, అది తేమను పీలుస్తోందని అర్థం.

చూసి కూడా కొంత తెలుసుకోవచ్చు. చీకటి గదిలో చిన్న టార్చిని గ్రిల్ మీదికి ఏటవాలుగా పట్టుకుని చూస్తే బంగారు పొర కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పొర నిశ్చలంగా ఉన్న నీటిలా నున్నగా, ఒకే రంగులో మెరుస్తుంది. ఏళ్ల తరబడి గాయకుల నోటి తుంపర పడిన పొర మధ్యలో గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టూ ఉప్పు ఆరినట్టు తెల్లటి అంచులు కనిపిస్తాయి. బంగారం లేచిపోయిన చోట వెలుతురు అవతలికి దూసుకుపోతుంది. ముడతలుంటే బిగువు తప్పింది. మచ్చలను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచిన అతి మెత్తటి కుంచెతో తుడిచి తీసేవాళ్లున్నారు. అది చేయి తిరిగినవాళ్ల పని. పొర మందం 6 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఇంట్లో చేసిన ప్రయత్నాల్లో చాలావాటికి చివర కొత్త క్యాప్సూల్ ఖర్చు తోడైంది.

జంకనక్కరలేని పనులు

ఎండిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తీసి అదే విలువది వేయడం, పవర్ సప్లైలో రెక్టిఫయర్ మార్చడం, కేబుల్ కొత్తది వేయడం, వాల్వు సాకెట్ శుభ్రం చేయడం. వీటివల్ల మైకు గుణం మారదు, ఉన్న గుణమే తిరిగి బయటపడుతుంది. పాతదనం పేరుతో చచ్చిన కెపాసిటర్‌ను కాపాడుకోవడం భక్తి కావచ్చు, లాభం మాత్రం లేదు. పవర్ సప్లై విషయంలో ఒక హెచ్చరిక. వాల్వు మైకులకు లోపల 100 నుంచి 200 వోల్టులకు పైగా నడుస్తాయి. పెట్టె ఆపేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలవ ఉంటుంది. పైగా ఒక మోడల్ సప్లైకి ఇంకో మోడల్ మైకు తగిలిస్తే క్షణంలో వాల్వు పోతుంది. కనెక్టర్ పట్టినంత మాత్రాన సరిజోడీ కాదు.

ఏ భాగం తీసినా చీటీ రాసి పొట్లం కట్టి మైకు పెట్టెలోనే ఉంచాలి. విప్పకముందు తీసిన ఫొటోలు, సీరియల్ నంబరు, ఏ తేదీన ఏం మార్చారో ఒక కాగితం, ఇవి కూడా. తర్వాత కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న ఏం మార్చారన్నదే.

యూ 47: కంపెనీయే చేసిన మార్పు

మార్పు, మరమ్మతుల మధ్య గీత ఎంత సన్నదో చూపడానికి యూ 47 కన్నా మంచి ఉదాహరణ లేదు. దాన్ని తయారుచేసింది గియోర్గ్ నాయ్‌మన్ బెర్లిన్‌లో 1928లో పెట్టిన కంపెనీ. ఇంగ్లీషు అక్షరాలు చూసి న్యూమన్ అనేవాళ్లే ఎక్కువ గానీ జర్మన్ ఉచ్చారణ నాయ్‌మన్. 1949లో ఆ కంపెనీ తెచ్చిన యూ 47 యూరప్ నుంచి అమెరికా దాకా గాయకుల మైకుగా నిలబడిపోయింది. ఫ్రాంక్ సినాట్రా దాని ముందు పాడాడు. లండన్ ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ గొంతులు రికార్డు చేసింది దానితోనూ, దాని తోబుట్టువు యూ 48తోనూ.

దాని గుండెకాయ టెలిఫుంకెన్ కంపెనీ తయారుచేసిన వీఎఫ్14 అనే ఉక్కు తొడుగు వాల్వు. అది మైకుల కోసం పుట్టింది కాదు, రేడియో సెట్ల కోసం పుట్టింది. దాని ఫిలమెంటుకు అసలు 55 వోల్టులు కావాలి. నాయ్‌మన్ ఇంజనీర్లు సప్లై నుంచి 105 వోల్టులే తెచ్చి, మధ్యలో ఒక పెద్ద రెసిస్టర్ పెట్టి, ఫిలమెంటుకు సుమారు 36 వోల్టులే అందేలా చేశారు. తక్కువ వేడితో నడిచే వాల్వు ఎక్కువకాలం బతికింది. ఆ రెసిస్టర్ వేడికి మైకు ఒళ్లంతా వెచ్చగా ఉండి తేమ కూడా దరిచేరలేదు. కానీ తక్కువ వోల్టేజీలో చప్పుడు లేకుండా పనిచేసే వాల్వులు కొన్నే దొరికేవి. ఏరి పక్కన పెట్టిన వాటి మీద ‘ఎం’ అని ముద్ర వేసేవారు.

1950ల చివర్లో టెలిఫుంకెన్ ఈ వాల్వు తయారీ ఆపేసింది. నాయ్‌మన్ నిలవలున్నంత వరకు లాక్కొచ్చి, 1965 ప్రాంతంలో యూ 47కు స్వస్తి చెప్పింది. ఈలోగా 1960లో వచ్చిన యూ 67లో ఈఎఫ్86 అనే మామూలు వాల్వు వాడారు. టేపు రికార్డర్లలోనూ ఆంప్లిఫయర్లలోనూ విరివిగా దొరికేది అదే. ఒకసారి తగిలిన దెబ్బకు కంపెనీ నేర్చుకున్నదేమిటో ఆ ఎంపికలోనే కనిపిస్తుంది.

అప్పటికే యూ 47లు కొన్న స్టూడియోల సంగతేమిటి? వాటి కోసం కంపెనీయే ఒక మార్గం చూపింది. అమెరికాలో ఆర్‌సీఏ 1959లో తెచ్చిన నువిస్టర్ అనే వేలి కణుపంత లోహపు వాల్వును, వీఎఫ్14 స్థానంలో అమర్చుకునేలా సరంజామా ఇచ్చింది. ఆనాటి స్టూడియోకు అది నూటికి నూరుపాళ్లు తెలివైన నిర్ణయం. రేపు ఉదయం గాయకుడు వస్తున్నాడు, మైకు పలకాలి. అయితే నువిస్టర్ వేసిన యూ 47 గొంతు వేరని విన్నవాళ్లు అన్నారు. కాలం గడిచేకొద్దీ అసలు వాల్వున్న మైకుల ధర పెరిగింది. ఇప్పుడు మంచి స్థితిలో ఉన్న యూ 47 పది వేల డాలర్లకు పైనే పలుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న వీఎఫ్14 ఒక్కటే వేల డాలర్లు. ఒకప్పుడు మార్పించుకున్నవాళ్లు ఇప్పుడు వెనక్కి మార్పించుకోవడానికి వాల్వులు వెతుక్కుంటున్నారు.

బతికి ఉన్న వీఎఫ్14ను కదపకూడదు, ఇందులో రెండో మాట లేదు. చచ్చిపోతే మాత్రం పని ఆపుకోనక్కరలేదు. అదే కుటుంబంలోని ఈఎఫ్14 వాల్వు ఉంది. దాని ఫిలమెంటుకు 6.3 వోల్టులే కావాలి కాబట్టి సప్లైలోనూ వైరింగులోనూ సర్దుబాటు చేయాలి. పాత సాకెట్‌లోనే గుచ్చుకునేలా తయారుచేసిన ప్రత్యామ్నాయాలూ వచ్చాయి. ఎంచుకోవడంలో కొలమానం ఒకటే. లోపలి తీగలు కోయకుండా, రంధ్రాలు వేయకుండా అమరేదే మేలు. రేపు అసలు వాల్వు దొరికితే పది నిమిషాల్లో వెనక్కి వెళ్లగలగాలి.

క్యాప్సూల్ సంగతి మరోలా ఉంటుంది. యూ 47లో మొదట వాడిన ఎం7 క్యాప్సూల్ పొర పీవీసీతో చేసింది. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరైపోయి, పొర పెళుసుబారి చివరికి పగులుతుంది. ఇది వాడకం వల్ల వచ్చే అరుగుదల కాదు, బీరువాలో పెట్టినా తప్పని ముసలితనం. అందుకే నాయ్‌మన్ తర్వాత కే47 క్యాప్సూల్‌తో పాలిస్టర్ పొరకు మారింది. వెనక పలక చిల్లుల అమరిక దాదాపు అదే. ఎం7 పోయినవాళ్లలో కొందరు కే47 వేయించుకుంటారు, కొందరు పాత పలక మీద కొత్త పొర బిగించుకుంటారు. పీవీసీతోనే కావాలనే పట్టుదల ఉంటే జర్మనీలోని గెఫెల్ అనే చిన్న ఊరు ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల దాడికి జడిసి నాయ్‌మన్ తన పనిశాలను అక్కడికి తరలించింది. దేశం రెండుగా చీలాక ఆ పనిశాల తూర్పు జర్మనీలో చిక్కుకుపోయి వేరే కంపెనీగా బతికింది. మైక్రోటెక్ గెఫెల్ పేరుతో ఎం7 పద్ధతిని అదే కాపాడుకుంటూ వచ్చింది. చీలిన దేశం పుణ్యమా అని ఒక పాత విద్య మిగిలింది.

యూ 87: మంచి మైకుకు పట్టే మెరుగుల పిచ్చి

మన దగ్గర పాటల స్టూడియోల్లో ఎక్కువగా వినిపించే పేరు యూ 87. 1967లో వచ్చింది. వాల్వు బదులు ఎఫ్ఈటీ ఉంటుంది. సప్లై పెట్టె అవసరం లేకుండా, మైకు కేబుల్ గుండానే వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడుస్తుంది. తొలినాటి వాటిలో 22.5 వోల్టుల బ్యాటరీలు రెండు పెట్టుకునే చోటు కూడా ఉండేది. ఆ 48 అన్న అంకె వెనక చిన్న కథ ఉంది. 1966లో నార్వే రేడియోవాళ్లు ట్రాన్సిస్టర్ మైకులు అడిగారు. చలికాలంలో పగలు కూడా చీకటిగా ఉండే ఆ దేశంలో రేడియో భవనంలో అత్యవసర దీపాలకు 48 వోల్టుల లైను అప్పటికే ఉంది. మైకులకూ అదే వాడదామని నాయ్‌మన్ ఒప్పుకుంది. ఇవాళ ఇంటి మేడ మీద గదిలో పాటలు రికార్డు చేసుకునే కుర్రాడి ఇంటర్‌ఫేస్ మీదున్న 48 వోల్టుల బొత్తాం మూలం అదీ.

1986లో యూ 87 ఏఐ వచ్చింది. క్యాప్సూల్‌కు ఎక్కువ వోల్టేజీ అందించే చిన్న సర్క్యూటు లోపలే పెట్టడంతో దాని సిగ్నల్ గట్టిగా వస్తుంది, బుస్సు తక్కువ. అప్పటినుంచి పాత యూ 87 ఉన్నవాళ్లలో కొందరికి అసంతృప్తి మొదలైంది. క్యాప్సూల్ వోల్టేజీ పెంచడం, ఎఫ్ఈటీ మార్చడం, కెపాసిటర్లు తీసేయడం లాంటి మెరుగులు పుట్టుకొచ్చాయి.

వాటిలో ఒక మెరుగు ఎందుకు బెడిసికొడుతుందో తెలుసుకుంటే మిగతావన్నీ తూచుకోవచ్చు. యూ 67, యూ 87 క్యాప్సూల్ సహజంగానే పై స్వరాలను, అంటే సకారాలు, తాళాల గలగల ఉండే మేరను, పెంచి పలుకుతుంది. అది లోపం కాదు. దాని తర్వాత వచ్చే సర్క్యూటులో సరిగ్గా ఆ మేరనే తగ్గించే ఏర్పాటు ఉంది. ముందు పెంచి తర్వాత తగ్గించడం వల్ల పెంపుతో పాటు బుస్సు కూడా కిందికి దిగుతుంది. ఇప్పుడు సర్క్యూటు బొమ్మ చూసిన ఔత్సాహికుడికి ‘పై స్వరాలను నొక్కేస్తున్న’ ఆ కెపాసిటర్ శత్రువులా కనిపిస్తుంది. తీసేస్తాడు. మొదటి రోజు గొంతు తేటగా, మెరుస్తూ వినిపిస్తుంది. వారం తిరిగేసరికి ప్రతి ‘స’ చెవిలో సూదిలా దిగుతుంది. వోల్టేజీ పెంచడంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. క్యాప్సూల్ తట్టుకోగలిగినదాన్ని మించితే పొర వెనక పలక వైపు లాగబడి, ఒక్కోసారి అతుక్కుపోతుంది.

ఏఐ గొంతు కావాలనుకునేవాళ్లు ఏఐ కొనుక్కోవడమే మేలు. పాతదాన్ని ముట్టుకోకుండా అమ్మితే ధర ఎక్కువ వస్తుంది. మెరుగులు పెట్టించిన పాత యూ 87 కొనాలంటే మాత్రం కొనేవాడు వెనకాడతాడు. ఎవరు, ఏం చేశారో తెలియదు కదా.

ఈ లెక్కే చవక మైకుల దగ్గర తలకిందులవుతుంది. ఇదే క్యాప్సూల్ రూపాన్ని అనుకరించిన చైనా మైకులు చాలావాటిలో తర్వాతి తగ్గింపు సర్క్యూటు ఉండదు. ఆ మైకులు గీసినట్టు వినిపించడానికి కారణం అదే. అక్కడ సర్క్యూటు మార్చడంలో న్యాయం ఉంది. లోపం ఏదో స్పష్టంగా తెలుసు, ఖర్చు తక్కువ, చెడినా పోయేది కొద్ది వేలు. టంకం పెట్టడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు యూ 87 కన్నా ఇవే తగినవి.

పొరలను పలచబరిచే దారీ ఒకటి ఉంది. అమెరికాలో స్టీఫెన్ పాల్ ఒక మైక్రాన్ కన్నా పలచటి పొరలు బిగించి పేరు తెచ్చుకున్నాడు. ఆయన చేతిపనిగా అవి గొప్పవే. అయితే అలా మార్చిన మైకు ఇక యూ 87 కాదు, ఆయన మైకు. ఆయన లేకుండా పోయాక దాన్ని ఎవరు బాగుచేయాలన్నది యజమాని తలనొప్పి.

భాగాల కోసం బలయ్యేవి

వియన్నాలో ఏకేజీ కంపెనీ 1953లో సీ 12 అనే వాల్వు మైకు తెచ్చింది. దాని క్యాప్సూల్ పేరు సీకే12. ఇత్తడి చట్రంలో చేత్తో సరిచూసి కూర్చేవారు. తయారీ కష్టం, అందుకే ఖరీదెక్కువ. అదే ఇత్తడి క్యాప్సూల్ 1970లలో వచ్చిన సీ 414 ఈబీ తొలి విడతల్లోనూ ఉండేది. తర్వాత విడతల్లో ప్లాస్టిక్ చట్రం వచ్చింది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. సీ 12 నకళ్లు తయారుచేసుకునేవాళ్లు ఈ తొలి ఈబీలను కొని, క్యాప్సూల్ పీకి, మిగతా ఒంటిలో వేరే క్యాప్సూల్ పెట్టి అమ్మేయడం మొదలెట్టారు. అందుకే పాత ఈబీ కొనేటప్పుడు గ్రిల్ విప్పి లోపల ఇత్తడి ఉందో లేదో చూడందే డబ్బివ్వకూడదు. ఏకేజీ వియన్నా కార్యాలయం 2017లో మూతపడింది. ఇత్తడి సీకే12 పోతే అదే చోటినుంచి కొత్తది తెప్పించే మార్గం లేదు.

రిబ్బన్: ఊదితే పోయే మైకు

రిబ్బన్ మైకులో ప్లాస్టిక్ పొర ఉండదు. రెండు అయస్కాంతపు ధ్రువాల మధ్య సన్నటి అల్యూమినియం పట్టీ వేలాడుతూ ఉంటుంది. 1930లలో ఆర్‌సీఏ తెచ్చిన 44 నమూనాలో ఆ పట్టీ మందం రెండు మూడు మైక్రాన్లు. మిఠాయి మీద అంటించే వెండిరేకును గుర్తు తెచ్చుకుంటే చాలు. నోటితో ‘ఫూ ఫూ’ అని ఊది మైకు పరీక్షించే అలవాటు దీని పాలిట శాపం. ఒక్క ఊపుకు పట్టీ సాగి, కింది స్వరాలు మెత్తగా చెదిరిపోతాయి. పడుకోబెట్టి దాచినా పట్టీ జారుతుంది, అందుకే నిలబెట్టి దాచాలి. కేబుల్ తప్పుగా కలిపి ఉండి ఫాంటమ్ పవర్ అటు వెళ్లిందా, 48 వోల్టులు పట్టీని లాగేస్తాయి.

పట్టీ మార్చడం మాత్రం ఈ మైకుకు మామూలు సేవే, వీణకు తీగ మార్చినట్టు. రేకును రెండు కాగితాల మధ్య పెట్టి పదునైన బ్లేడుతో కొలతకు కోస్తారు. ఒకదాని పళ్లలో ఒకటి ఇమిడే రెండు చిన్న పళ్లచక్రాల మధ్య నుంచి లాగితే దాని ఒంటి మీద మడతలు పడతాయి, చీర కుచ్చెళ్లలా. ఊపిరి బిగబట్టి, మొద్దు చిమటాలతో దాన్ని ధ్రువాల మధ్య దింపి, రెండు చివర్లా బిగిస్తారు. పట్టీ అంచు ఎటూ తగలకూడదు. పక్కన మిగిలే సందు వెలుతురు పట్టి చూస్తేనే కనిపిస్తుంది. బల్ల మీద ఇనుప రజను ఉంటే అయస్కాంతం దాన్ని లాక్కుని సందులో ఇరికిస్తుంది. ఒక్కొక్క రవ్వనూ టేపుతో అంటించి తీయాలి. మంచి పనివాడు పట్టీ బిగించడానికి పెట్టే సమయం కన్నా బల్ల తుడవడానికి పెట్టే సమయమే ఎక్కువ.

ఇక్కడ ఎదురయ్యే మార్పు ఆలోచన వేరు. రిబ్బన్ సిగ్నల్ బలహీనం కాబట్టి లోపలే ఆంప్లిఫయర్ పెట్టించుకుందామని. దానికి ఒంటికి రంధ్రం వేయాలి, తీగలు మళ్లించాలి. అవసరమే లేదు. కేబుల్ మధ్యలో తగిలించే చిన్న బూస్టర్ డబ్బా బయటే ఆ పని చేస్తుంది. నిజానికి పాత మైకులో కోరుకునే మార్పుల్లో సగం ఇలా బయటినుంచే తీరేవి. ఈక్వలైజర్‌తో, మైకును రెండు అంగుళాలు జరపడంతో, ప్రీఆంప్ మార్చడంతో.

కొత్త రిబ్బన్ మైకే కావాలనుకుంటే దారులున్నాయి. ఆర్‌సీఏ మైకుల తయారీ ఆపేశాక వెస్ డూలీ అనే అమెరికన్ 1998లో ఏఈఏ పేరు మీద 44ను మళ్లీ తెచ్చాడు. బీబీసీ రూపొందించిన 4038 ఇంగ్లండులో కోల్స్ పేరుతో నేటికీ తయారవుతోంది. దానికి పుట్టింటివాళ్లే మరమ్మతు చేస్తారు, కాబట్టి మార్పిడి గురించి ఆలోచించే అవసరమే తక్కువ.

కొనడమే లాభమయ్యే చోట్లు

షూర్ ఎస్ఎం 57, 58 లాంటి డైనమిక్ మైకుల్లో లెక్క చాలా చిన్నది. కొత్తది వంద డాలర్ల మేర దొరుకుతుంది. దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తీసేయడం ఒక ప్రసిద్ధ మోడ్. గొంతు కాస్త మారుతుంది, సిగ్నల్ పడిపోతుంది. సరదాకు చేసుకోవచ్చు. చవక మైకును చిన్నచూపు చూడనక్కరలేదు కూడా. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ గొంతును సౌండ్ ఇంజనీర్ బ్రూస్ స్వీడియన్ రికార్డు చేసింది షూర్ ఎస్ఎం 7 అనే డైనమిక్ మైకుతోనే.

పని స్వభావం కూడా తేల్చుకోవాలి. ఆడియో పుస్తకాలు, వాయిస్ ఓవర్లు చేసేవాళ్లకు మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం ముఖ్యం. అక్కడ పాత వాల్వు బుస్సు దాగదు. నాయ్‌మన్ టీఎల్ఎం 103 లాంటి మైకు సొంత చప్పుడు 7 డెసిబెల్‌లే, యూ 87 ఏఐది 12. ఇలాంటి పనికి పాతదాన్ని ఎంత మెరుగుపరిచినా కొత్తదాని నిశ్శబ్దం రాదు. నోటి దగ్గర పెట్టి గట్టిగా పాడించే పాటకు ఆ తేడా ఎవరికీ వినిపించదు. ఇక రెండు మైకులు జోడీగా వాడాల్సిన చోట, పియానో మీదో, బృందం మీదో, 50 ఏళ్లు వేర్వేరు చోట్ల ముసలివైన రెండు పాత మైకులను కలపడం కన్నా ఒకే విడతలో పుట్టిన కొత్త జోడీ కొనడం తేలిక.

పాత గొంతే కొత్త ఒంటిలో కావాలంటే కంపెనీలు ఆ కోరికా తీరుస్తున్నాయి. నాయ్‌మన్ 2014లో యూ 47 ఎఫ్ఈటీని, 2018లో యూ 67ను, 2022లో ఎం 49 అనే పాత వాల్వు మైకును మళ్లీ విడుదల చేసింది. వీటిలోని యూ 67 తయారైననాటి యూ 67కు దగ్గర. స్టూడియో బీరువాలో ఉన్న ఫలానా యూ 67కు దగ్గరో కాదో వింటే గాని తెలియదు, ఎందుకంటే పాతవి ఏ రెండూ ఒకేలా ముసలివి కాలేదు.

వినే పరీక్షకు పద్ధతి కావాలి. ఒకే గది, ఒకే గొంతు, ఒకే దూరం, ఒకే ప్రీఆంప్. రెండు మైకులనూ పక్కపక్కన పెట్టి ఒకేసారి రికార్డు చేసి, తర్వాత రెండింటి స్థాయీ సమానం చేయాలి. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నది బాగున్నట్టు అనిపించడం మనిషి చెవి బలహీనత. ఏది ఏదో తెలియకుండా వేరొకరు మార్చి మార్చి వినిపించాలి. ఖరీదు తెలిసిన చెవి అబద్ధం చెబుతుంది.

ఖర్చు వేసేటప్పుడు మరమ్మతు రుసుము ఒక్కటే చూస్తే చాలదు. మన దేశంలో పాత వాల్వు మైకు క్యాప్సూల్ పని చేసేవాళ్లు తక్కువ, చాలావాటిని జర్మనీకో అమెరికాకో పంపాలి. రానూపోనూ రవాణా, బీమా, నెలల తరబడి మైకు లేకుండా గడపడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బాగుచేయడానికి పంపి తిరిగి తెప్పించుకుంటున్నట్టు కస్టమ్స్ కాగితాలు పంపకముందే సిద్ధం చేసుకోకపోతే సొంత మైకు మీదే దిగుమతి సుంకం కట్టాల్సి రావచ్చు.

ఆ లెక్కంతా వేశాక కూడా కొన్ని మైకులకు మరమ్మతు గిట్టదు. క్యాప్సూల్ పగిలి, వాల్వు పోయి, ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ కూడా మార్చేసిన యూ 47ను తిరిగి యూ 47 చేయడానికయ్యే ఖర్చుతో ఇంకోటి కొనుక్కోవచ్చు. అలాంటి దాన్ని నిజాయితీగా ‘భాగాల కోసం’ అని చెప్పి అమ్మేయడమే మంచిది. గ్రిల్ ఒకరు తీసుకుంటారు, కనెక్టర్ ఒకరు, పవర్ సప్లై మరొకరు. మైకు ఏదీ లేని పాత చెక్కపెట్టెకు కూడా కొనేవాళ్లుంటారు.